చిల్లర మీద బొమ్మ ఎవరిది?

నేను యూరో కాయిన్లు పోగేస్తానని తెలియగానే ఎవరైనా ముందు అడిగేది ఒకటే, అమ్మితే ఎంతొస్తుంది అని. ఇక్కడ జర్మనీలో నాతోపాటు పనిచేసే మనవాళ్ళూ అదే అడుగుతారు, ఊళ్ళో ఉన్న బాబాయీ ఫోన్లో అదే అడుగుతాడు. వాళ్ళని అనుకోడానికేం లేదు, యూట్యూబ్ తెరిస్తే చాలు పాత 5 రూపాయల కాయిన్‌కి లక్షలు, ఫలానా 2 యూరోల కాయిన్‌కి వేలు అని వరసగా కనిపిస్తుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. మన దగ్గరైతే పాత నాణేలు కొంటామని చెప్పి కమీషన్లు, టాక్సులు అంటూ డబ్బు గుంజే మోసాలు పెరిగిపోయి 2021లో రిజర్వ్ బ్యాంకే జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. నేను చెప్పేదేంటంటే, ఈ రేట్ల గోలలో పడి అసలు విషయం వదిలేస్తున్నాం. జేబులో తిరిగే మామూలు 10 సెంట్లు, 20 సెంట్ల మీద ఒక దేశం తన గురించి తాను ఏం చెప్పుకోవాలనుకుందో ఉంటుంది. అది చదవడం వస్తే అరుదైన కాయిన్ల కోసం వెతుక్కునే పనే లేదు, పైసా ఎక్కువ ఖర్చు లేకుండా సగం యూరప్ చరిత్ర చేతికి వస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. 1, 2, 5, 10, 20, 50 సెంట్లు, 1 యూరో, 2 యూరోలు, మొత్తం ఎనిమిది కాయిన్లు. అంకె ఉన్న వైపు అన్ని దేశాలకీ ఒకటే, బెల్జియం రాయల్ మింట్‌లో (నాణేలు కొట్టే ప్రభుత్వ కేంద్రంలో) పనిచేసిన లూక్ లౌక్స్ గీసింది. రెండో వైపు మాత్రం ఏ దేశం ఇష్టం ఆ దేశానిది, చుట్టూ 12 నక్షత్రాలు ఉంటే చాలు. 2002 జనవరి 1న 12 దేశాలతో ఈ కాయిన్లు వాడకంలోకి వచ్చాయి, ఇప్పుడు 21 దేశాలు, వాటికి తోడు మొనాకో, సాన్ మరీనో, వాటికన్, అండోరా. ఏ దేశం కాయిన్ అయినా అన్ని చోట్లా చెల్లుతుంది కాబట్టి ఐర్లాండ్ హార్ప్ హాంబర్గ్ బేకరీలో కనిపిస్తుంది, ఫిన్లాండ్ హంసలు లిస్బన్ ట్రామ్ టికెట్‌కి చెల్లిపోతాయి. నాకు ఈ కలగలుపే అన్నిటికన్నా ఇష్టం.

నోట్ల సంగతి చూడండి. యూరో నోట్ల మీద ఒక వైపు కిటికీలు, ద్వారాలు, రెండో వైపు వంతెనలు. ఆస్ట్రియా డిజైనర్ రాబర్ట్ కలీనా వాటిని గీసేటప్పుడు ఏదీ నిజంగా ఉన్న కట్టడంలా ఉండకూడదన్నది షరతు, ఎందుకంటే ఒక దేశపు వంతెన పెడితే ఇంకో దేశానికి కోపం వస్తుంది. అంటే కోట్లమంది చేతుల్లో తిరిగే నోటు మీద ఎక్కడా లేని వంతెన. (తర్వాత నెదర్లాండ్స్‌లో స్పైకెనిస్సె అనే ఊళ్ళో ఆ వంతెనల్ని నిజంగానే కట్టేశారు, రంగులతో సహా.) కాయిన్ల దగ్గర ఆ భయం పెట్టుకోలేదు, మీ గుర్తు మీరే ఎంచుకోండి అని ప్రతి దేశానికీ వదిలేశారు. అదే సరైన దారి అని నా నమ్మకం, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ కూడా ఇప్పుడు ఇటే వస్తోందేమో అనిపిస్తుంది. కొత్త నోట్ల కోసం 2025లో వాళ్ళు ముందుకు తెచ్చిన రెండు థీముల్లో ఒకటి నదులూ పక్షులూ, ఇంకోటి యూరప్ సంస్కృతి. ఆ రెండో దాంట్లో ఉన్న పేర్లలో స్పెయిన్ రచయిత సెర్వాంటెస్, మేరీ క్యూరీ, బెర్తా ఫాన్ సుట్నర్ ఇప్పటికే కాయిన్ల మీద ఉన్నారు, లియొనార్డో గీసిన మనిషీ ఉన్నాడు.

ఎవరీ సుట్నర్ అంటారా, నా దృష్టిలో మొత్తం యూరో కాయిన్లలో గొప్ప ఎంపిక ఆమెదే. ఆస్ట్రియా 2 యూరోల కాయిన్ తీసి చూడండి, వయసు మీదపడిన ఒకామె ముఖం. యుద్ధానికి వ్యతిరేకంగా నవల రాసి, ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసి, 1905లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్న మొదటి మహిళ. 1914 జూన్ 21న చనిపోయింది. సరిగ్గా వారానికి, జూన్ 28న, సారాయెవోలో ఆస్ట్రియా యువరాజుని కాల్చేశారు, ఆమె ఏదైతే వద్దు వద్దని జీవితమంతా మొత్తుకుందో ఆ యుద్ధాన్ని ఆమె దేశమే ముందు ప్రకటించింది. చక్రవర్తులూ సేనాధిపతులూ కావలసినంతమంది ఉన్న దేశం, తన పెద్ద కాయిన్ మీద వాళ్ళెవరినీ పెట్టలేదు, మొజార్ట్‌ని కూడా 1 యూరోకి సరిపెట్టి 2 యూరోల మీద ఈమెని కూర్చోబెట్టింది. ఆ కాయిన్ మీద దేశం పేరు కూడా ఉండదు, ముఖం గుర్తుపడితేనే ఏ దేశందో తెలుస్తుంది. ఆస్ట్రియా చిన్న సెంట్ల మీద పువ్వులుంటాయి, 1 సెంట్ మీద జెన్షియన్, 2 మీద ఎడెల్‌వైస్, 5 మీద ఆల్ప్స్ ప్రిమ్‌రోజ్, మూడూ కొండపూలే.

గ్రీస్ వేరే రకం ధైర్యం చూపించింది. వాళ్ళ 1 యూరో మీద గుడ్లగూబ ఉంటుంది, అది వట్టి గుడ్లగూబ బొమ్మ అనుకుంటే పొరపాటు, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్‌లో నడిచిన నాలుగు ద్రాక్మాల నాణెం బొమ్మ అది. అంటే నాణెం మీద నాణెం, మేం ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నాం అని చెప్పడం అన్నమాట. 2 యూరోల మీద ఎద్దు రూపంలో వచ్చిన గ్రీకు దేవుడు జూస్ ఎత్తుకుపోతున్న యూరోపా, స్పార్టాలో దొరికిన 3వ శతాబ్దపు మొజాయిక్ నుంచి తీసుకున్నది. ఆ కథ ప్రకారం యూరోపా ఫినీషియా రాజకుమారి, అంటే ఇవాళ్టి లెబనాన్ తీరం వైపు అమ్మాయి. యూరప్‌కి ఆ పేరు తెచ్చిన పిల్ల ఆసియాది! వలసల గురించి ఇక్కడ టీవీలో గొడవపడే వాళ్ళందరి జేబుల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ కాయిన్ ఉండే ఉంటుంది, తిప్పి చూసినవాళ్ళు ఎంతమందో మరి.

సైప్రస్ కథ నన్ను ఎక్కువ కదిలించింది. ఆ ద్వీపం 1974 నుంచి రెండుగా చీలి ఉంది, ఉత్తరాన టర్కీ లీరా నడుస్తుంది, యూరో దక్షిణాన. అలాంటి చోట ఏ బొమ్మ పెట్టినా ఒకరిది అవుతుంది, ఇంకొకరిది కాకుండా పోతుంది. వాళ్ళేం చేశారంటే గ్రీకుల కన్నా, తుర్కుల కన్నా ఎంతో ముందుకి, దాదాపు 5000 ఏళ్ళు వెనక్కి వెళ్ళి పోమోస్ అనే ఊళ్ళో దొరికిన చిన్న రాతి బొమ్మని 1, 2 యూరోల మీద పెట్టారు, చేతులు చాచి నిలబడిన స్త్రీమూర్తి, మెడలో తనలాంటిదే ఇంకో చిన్న బొమ్మ వేలాడుతుంటుంది. దేశం పేరు గ్రీకులోనూ తుర్కీ భాషలోనూ పక్కపక్కనే రాశారు. భూమి మీద ఇంకా కుదరని రాజీ కాయిన్ మీద కుదిరింది. అదే కాయిన్ రెండో వైపు యూరప్ మ్యాప్‌లో సైప్రస్ నిజంగా ఉన్నచోట ఉండదు, పశ్చిమానికి జరిపి క్రీట్ దగ్గర పెట్టారు, అది కూడా ఓసారి గమనించండి.

ఇటలీ వాళ్ళు ఎనిమిదికి ఎనిమిదీ వేరువేరు బొమ్మలు పెట్టారు, ఒక్కటి తప్ప అన్నిటినీ టీవీ ప్రోగ్రాంలో జనం ఓట్లతోనే ఎంచుకున్నారు. 10 సెంట్ల మీద చిత్రకారుడు బొత్తిచెల్లి గీసిన వీనస్ ముఖం, 20 మీద బొచ్చోని శిల్పం, 50 మీద గుర్రమెక్కిన రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్, 2 యూరోల మీద రాఫేల్ గీసిన కవి దాంతే. ఓటుకి పెట్టనిది 1 యూరో ఒక్కటే. దాని మీద లియొనార్డో గీసిన చేతులు చాచిన మనిషి ఉండాలని అప్పటి ఆర్థికమంత్రి చాంపి తనే నిర్ణయించాడు, మనిషి డబ్బు కోసం కాదు, డబ్బే మనిషి కోసం అన్నది ఆయన ఉద్దేశం. డబ్బు మీదే ఆ మాట చెప్పాలనుకున్న ఆర్థికమంత్రి అంటే నాకు గౌరవం. ఇటలీ సెట్ పూర్తిచేయడం ఎవరికైనా మొదటి లక్ష్యంగా పెట్టుకోమని చెప్తాను, జర్మనీలో ఉన్నవాళ్ళకి 1, 2 సెంట్లు తప్ప మిగతావి చిల్లరలోనే దొరుకుతాయి.

రాజుల బొమ్మలున్న దేశాల గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏం లేదు. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, అన్నిటి మీదా తల, రాజు మారితే తల మారుతుంది, అంతే. స్పెయిన్ కొంచెం నయం, రాజుని 1, 2 యూరోలకి పరిమితం చేసి 10, 20, 50 సెంట్లు సెర్వాంటెస్‌కి ఇచ్చింది. ఐర్లాండ్, లిథువేనియా, ఎస్టోనియా ఒకే బొమ్మని ఎనిమిదిటి మీదా పెట్టాయి. హార్ప్ అందంగానే ఉంటుంది, 1928 నుంచీ వాళ్ళ నాణేల మీద ఉన్నదే, కానీ ఎనిమిది కిటికీలున్న ఇంట్లో ఒకటే తెరిచినట్టు ఉంటుంది నాకు. లాత్వియాని మాత్రం ఈ జాబితాలో కలపను. వాళ్ళ 1, 2 యూరోల మీద జడలున్న అమ్మాయి 1929 నాటి వెండి 5 లాట్స్ (లాట్స్ అంటే వాళ్ళ పాత కరెన్సీ) నాణెం నుంచి వచ్చింది, సోవియట్ కాలంలో ఆ వెండి నాణేన్ని జనం ఇళ్ళల్లో దాచుకున్నారు, స్వతంత్ర దేశంగా ఉన్న రోజుల గుర్తుగా. 2014లో యూరో వచ్చినప్పుడు ఆ ముఖమే తిరిగొచ్చింది. అలాంటప్పుడు పాత బొమ్మ పెట్టడమే న్యాయం.

కొంతమంది మిత్రులు ఒక మాటంటారు, ఇదంతా ప్రభుత్వాలు చేసుకునే పబ్లిసిటీ, మంచివన్నీ పెట్టి చెడ్డవి దాచేస్తారు, దాంట్లో చరిత్ర ఏముంటుంది అని. సగం నిజమే. జర్మనీ 50 సెంట్ల మీద బ్రాండెన్‌బర్గ్ గేట్ తెరుచుకున్నట్టు గీశారు, అదే గేటు ముందు బెర్లిన్ గోడ నిలబడిన 28 ఏళ్ళు దాని మీద కనపడవు. కానీ ఎవరెవరి బొమ్మ ఎవరికి గుచ్చుకుందో చూస్తే దాచినవి కూడా బయటకొస్తాయి, అందుకే నాకు గొడవపడిన కాయిన్లంటే ఎక్కువ ఆసక్తి.

2015లో వాటర్లూ యుద్ధానికి 200 ఏళ్ళని బెల్జియం 2 యూరోల కాయిన్ వేయబోతే ఫ్రాన్స్ ఒప్పుకోలేదు, నెపోలియన్ ఓడిపోయిన చోటుని మా జేబుల్లో పెట్టొద్దంది, అప్పటికే కొట్టిన దాదాపు 1,80,000 కాయిన్లు పక్కన పడేయాల్సి వచ్చింది. బెల్జియం ఊరుకుందా? మామూలు ఎనిమిదిటిలో లేని 2.50 యూరోల కాయిన్ చేసింది, అలాంటి విలువకి మిగతా దేశాల అనుమతి అక్కర్లేదు, కాకపోతే బెల్జియంలో తప్ప చెల్లదు. స్లొవేనియా 2 సెంట్ల మీద ఉన్న రాతి పీఠం ఇవాళ ఉన్నది ఆస్ట్రియాలో, క్లాగెన్‌ఫుర్ట్‌లో. ఒకప్పుడు అక్కడి ప్రభువులు పదవి తీసుకునేటప్పుడు దాని మీదే, స్లొవీన్ భాషలో ఆ తంతు జరిగేది. మా రాయి మీ కాయిన్ మీదెలా పెడతారని క్లాగెన్‌ఫుర్ట్ ఉన్న కారింథియా రాష్ట్ర నాయకులు గోల చేశారు. 2023లో యూరోలోకి వచ్చిన క్రొయేషియా 10, 20, 50 సెంట్ల మీద శాస్త్రవేత్త టెస్లాని పెడతానంటే సెర్బియా జాతీయ బ్యాంక్ అభ్యంతరం చెప్పింది, పుట్టింది ఇవాళ్టి క్రొయేషియాలోని స్మిల్యాన్‌లో, కుటుంబం సెర్బులది, ఎవరివాడు? స్లొవాకియా 2013లో 2 యూరోల కాయిన్ మీద సిరిల్, మెథోడియస్ సాధువుల తల చుట్టూ కాంతివలయం పెడితే మతచిహ్నం వద్దని యూరోపియన్ కమిషన్ దగ్గర అభ్యంతరం వచ్చింది. తీసేద్దామనుకున్న స్లొవాకియా జాతీయ బ్యాంకుని అక్కడి జనమే నిలదీశారు, చివరికి వలయం అలాగే ఉంది. ఇవన్నీ జరిగింది చిల్లర మీది బొమ్మల కోసం! ఈ బొమ్మలకి విలువ లేదని ఎవరైనా అంటే నేను చూపించేది ఈ గొడవల్నే.

ఇది మనకి అర్థం కానిదేం కాదు. 2024లో తెలంగాణ రాజముద్ర మార్చాలనుకున్నప్పుడు చార్మినార్ ఉండాలా, కాకతీయ తోరణం ఉండాలా అని ఎంత రచ్చ అయిందో గుర్తుందిగా. ఆ రోజుల్లోనే మేం నలుగురం కూర్చుని మన రెండు రాష్ట్రాలకీ ఇలాంటి ఎనిమిది కాయిన్లుంటే ఏం పెడతాం అని మొదలుపెట్టాం. అమరావతి శిల్పం, లేపాక్షి నంది వరకూ తొందరగానే వచ్చాం, మనుషుల దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాం, వేమననా, రుద్రమదేవినా, అల్లూరినా, కొమురం భీమునా, ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పట్టు. అర్ధరాత్రయినా తేలలేదు. ఒక దేశం మొత్తం కూర్చుని దాంతేనో సుట్నర్‌నో ఎంచుకోవడం ఎంత కష్టమో ఆ రాత్రి బాగా అర్థమైంది.

ఇక పోగేయడం గురించి. సీల్ చేసిన కొత్త సెట్లు కొనడం నాకు నచ్చదు, చిల్లరలో వచ్చిందే ఆల్బంలో పెడతాను, అరిగిపోయి గీతలు పడినా సరే, అది ఎన్నో చేతులు మారి వచ్చింది కదా. చూడాల్సినవి చాలా ఉన్నాయి. జర్మనీ కాయిన్ మీద సంవత్సరం దగ్గర ఒక చిన్న అక్షరం ఉంటుంది, ఏ అంటే బెర్లిన్, డి మ్యూనిక్, ఎఫ్ స్టుట్‌గార్ట్, జి కార్ల్స్‌రూహె, జె హాంబర్గ్. మన రూపాయి మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్ మింట్ అని గుర్తుపట్టే వాళ్ళకి ఇది వెంటనే అలవాటైపోతుంది. ఫ్రాన్స్, స్పెయిన్, బెల్జియం, నెదర్లాండ్స్, ఫిన్లాండ్ కాయిన్ల మీద 1999 అని కనిపిస్తే కంగారుపడొద్దు, అవి వాడకంలోకి వచ్చే ముందే కొట్టడం మొదలుపెట్టి కొట్టిన సంవత్సరమే వేశారు. 2002 గ్రీస్ 1, 2 యూరోల మీద ఒక నక్షత్రంలో ఎస్ అక్షరం ఉంటే ఆ కాయిన్ ఫిన్లాండ్‌లో తయారైంది, గ్రీస్ మింట్ ఒక్కటే అన్ని కొట్టలేక బయట చేయించుకుంది.

2 యూరోల స్మారక కాయిన్లు 2004లో గ్రీసే మొదలుపెట్టింది, ఏథెన్స్ ఒలింపిక్స్‌కి డిస్క్ విసిరే శిల్పంతో. జర్మనీ 2006 నుంచి ఏడాదికో రాష్ట్రం చొప్పున వేసింది, ల్యూబెక్ కోటద్వారం, కొలోన్ కెథడ్రల్, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట, డ్రెస్డెన్‌లో జ్వింగర్ రాజభవనం, ఇలా. ఇక్కడ ఉంటూ వీకెండ్ ట్రిప్పులకి వెళ్ళే మనవాళ్ళకి ఇంతకన్నా మంచి గైడ్ లేదు. చేతికొచ్చిన కాయిన్ మీద ఏ కట్టడం ఉంటే అక్కడికి వెళ్ళిరండి. మొనాకో 2007లో తమ రాణి, ఒకప్పటి హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీ బొమ్మతో వేసిన 20,001 కాయిన్ల కథ, దాని రేటు పోగేసేవాళ్ళందరికీ తెలుసు, ఎప్పటికీ ఎవరి చిల్లరలోనూ రాదు, అది ఆభరణాల షాపులో సరుకు, దాని వల్ల నాకు తెలిసేదేమీ లేదు. దానికన్నా ఫ్రాన్స్ 2024 చిల్లర నయం. 10 సెంట్ల మీద ఆష్విట్జ్ నాజీ క్యాంపు నుంచి బతికొచ్చిన రాజకీయ నాయకురాలు సిమోన్ వెయ్, 20 మీద అమెరికాలో పుట్టిన గాయని, నర్తకి జోసెఫిన్ బేకర్, 50 మీద వార్సాలో పుట్టిన మేరీ క్యూరీ. ముగ్గురిలో ఇద్దరు బయటినుంచి వచ్చి ఫ్రాన్స్‌ని తమదనుకున్నవాళ్ళు. ఆ కాయిన్లని మొదట కొట్టినప్పుడు నక్షత్రాలు నిబంధన ప్రకారం లేవని 2 కోట్ల 70 లక్షలు కరిగించి మళ్ళీ కొట్టారు. పరాయి దేశంలో బతుకుతున్న నాలాంటివాళ్ళకి ఆ మూడు ముఖాలు ఎంత ధైర్యమిస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

ఒక బాధ ఉంది. 1, 2 సెంట్లు మెల్లగా మాయమవుతున్నాయి. ఫిన్లాండ్ మొదట్నుంచీ బిల్లుని 5 సెంట్లకి సర్దేస్తుంది, నెదర్లాండ్స్ 2004 నుంచి, ఐర్లాండ్ 2015 నుంచి, తర్వాత బెల్జియం, స్లొవాకియా కూడా అదే దారి, ఇటలీ 2018 నుంచి వాటిని కొట్టడమే ఆపింది. తయారీ ఖర్చు దండగంటారు, లెక్క ప్రకారం సరే. కానీ కాస్టెల్ డెల్ మోంటే కోట ఇటలీ 1 సెంట్ మీద తప్ప ఇంకే యూరో చిల్లర మీదా లేదు, స్లొవేనియా కొంగా అంతే, గ్రీస్ మూడంతస్తుల తెడ్ల యుద్ధనౌకా అంతే. తీసేసేముందు ఆ బొమ్మల్ని పెద్ద కాయిన్ల మీదకి మార్చమని ఒక్క దేశంలోనైనా ఎవరైనా అడిగితే బావుండు. ఇళ్ళల్లో సీసాల్లో పోసి ఉంచిన సెంట్లని చిల్లర లెక్కపెట్టే మెషీన్‌లో పోసే ముందు ఒక సాయంత్రం కూర్చుని తిప్పి చూడండి, పిల్లలుంటే వాళ్ళని కూడా కూర్చోబెట్టుకోండి.

2026 జనవరి 1న బల్గేరియా వచ్చింది. సెంట్లన్నిటి మీదా మదారా కొండరాతిలో చెక్కిన గుర్రపురౌతు, 1 యూరో మీద రీలా సాధువు ఇవాన్, 2 యూరోల మీద పైసీ అనే సన్యాసి. ఈ పైసీ 1762లో బల్గేరియన్ల చరిత్ర రాసి, సొంత జాతి పేరూ సొంత భాషా చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్ళని గట్టిగా మందలించినవాడు. ఆ సెట్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, నేను కొనను, చిల్లరలో రావాల్సిందే. మీలో ఎవరైనా సోఫియా వెళ్ళొస్తే ఒక పైసీని అట్టిపెట్టండి, సుట్నర్‌ని ఇచ్చి మార్చుకుంటాను, కావాలంటే పైన స్లొవేనియా కొంగ కూడా ఇస్తా.